ప్రకాశం గారిని దించిన ఒక్క ఓటు

మొన్న ఆగస్టు 23న ప్రకాశం పంతులు గారి జయంతి సభకు వెళ్ళాను. చెన్నైలో తెలుగువాళ్ళం ఏటా జరుపుకునే సభల్లో అదొకటి. మాట్లాడినవాళ్ళందరూ ఒక్క రోజు దగ్గరే ఆగిపోయారు: 1928 ఫిబ్రవరి 3, సైమన్ కమిషన్ బహిష్కరణ, హైకోర్టు దగ్గర తుపాకీ, దాని ముందు విప్పి చూపిన రొమ్ము. చిన్నప్పటి వాచకాల నుంచి మనందరికీ కంఠతా వచ్చిన ఘట్టమే కాబట్టి మళ్ళీ చెప్పను. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ప్రసంగం ముగిస్తూ ఇలా అన్నారు: “ఈ దేశానికి ఇప్పుడు కావలసింది అలాంటి సింహం ఒక్కటి. సభలు, చర్చలు, ఓట్లు, వాయిదాలు చూసి చూసి విసిగిపోయాం. గుండె ధైర్యం ఉన్న ఒక్క మనిషి చేతికి పగ్గాలిస్తే చాలు, అన్నీ చక్కబడతాయి.” హాలు చప్పట్లతో మార్మోగింది.

ఆయన చదువుకున్న మనిషి, నలుగురికీ సాయపడే మనిషి. దురుద్దేశంతో అన్నారని నేను అనుకోను. అందుకే ఆ మాట నాకు మరింత బాధ కలిగించింది. మన ఇళ్ళలో, రైలు ప్రయాణాల్లో, పెళ్ళి పందిళ్ళలో మంచివాళ్ళ నోటే ఈ మాట రోజూ వింటున్నాం. ఒక్కడు చాలు, గట్టివాడు చాలు, అడిగేవాళ్ళు లేకపోతే పనులు జరుగుతాయి అని.

అయితే ఈ మాటకు ప్రకాశం గారిని సాక్ష్యంగా పిలవడం నేను ఒప్పుకోలేను. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన మనిషి ఆయన. 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ తర్వాత రెండుసార్లు ప్రభుత్వాన్ని నడిపారు. ఆ రెండుసార్లూ ఆయనను గద్దె దించింది ఓటే. ఒకసారి సొంత పార్టీ వాళ్ళ ఓటు, మరోసారి శాసనసభ ఓటు. మన సభల్లో ఈ రెండు సంగతులనూ ఏదో అపశకునం లాగా దాటేస్తాం. నాకు మాత్రం ప్రజాస్వామ్యం గురించి ఆయన జీవితం చెప్పే పాఠం అక్కడే ఉందనిపిస్తుంది. తుపాకీ ముందు నిలబడ్డ ఆ ఒక్క రోజునే పట్టుకుని మిగతాదంతా మరిచిపోవడం వల్ల మనకు నష్టం జరిగిందని, ఇంకా జరుగుతోందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్నే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

సిపాయి ఎందుకు కాల్చలేదు?

ఆ సభలోనే ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ప్రకాశం గారి మీద ప్రసంగించింది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. బడిలో తెలుగు లేదు. నానమ్మ చెబుతుంటే తమిళ లిపిలో రాసుకుని వచ్చింది. చెన్నైలో మన పిల్లల పరిస్థితి ఇప్పుడు ఇదే, దాని గురించి మరోసారి రాస్తాను. ప్రసంగం అయ్యాక కిందికి దిగి, తాతగారి వరసైన ఒక పెద్దాయనను అడిగింది: “తాతయ్యా, మరి ఆ సిపాయి ఎందుకు కాల్చలేదు?” ఆయన నవ్వి, “సింహాన్ని చూసి భయపడ్డాడమ్మా” అన్నారు. ఆ అమ్మాయి తల ఊపింది గానీ, ఆ జవాబుతో దానికి తృప్తి కలగలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

అది చాలా మంచి ప్రశ్న. తుపాకీ పట్టినవాడు మనిషి ముఖంలోని తేజస్సు చూసి ఆగిపోతాడంటే నేను నమ్మను. అంతకు కాసేపటి ముందే అక్కడ కాల్పులు జరిగాయి, ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవాన్ని చూడనివ్వనందుకే కదా ప్రకాశం గారు ముందుకు వెళ్ళింది. ఆ యువకుడి ముఖంలో తేజస్సు లేకనా? అతడి ధైర్యం తక్కువదా? మొన్నటి సభలో అతడి పేరు ఎవరూ ఎత్తలేదు.

నాకు తోచినది ఇది. ప్రకాశం గారు అప్పటికి మద్రాసులో పేరు మోసిన బారిస్టరు. 1921 నుంచి స్వరాజ్య పత్రిక నడిపిన మనిషి. కేంద్ర శాసనసభ సభ్యుడు. ఆయన మీద గుండు పేలితే మర్నాడు పత్రికలు రాస్తాయి, ఢిల్లీ సభలో ప్రశ్నలు వస్తాయి, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి ఎవరని అడిగేవాళ్ళు ఉంటారు. అంటే ఆ తుపాకీని ఆపిన వాటిలో ఆయన గుండె ధైర్యంతో పాటు, తర్వాత ఎవరో ఒకరు సంజాయిషీ అడుగుతారన్న భయం కూడా ఉంది. చనిపోయిన యువకుడి వెనుక ఆ అడిగేవాళ్ళు లేరు.

ఇలా అంటే ఆయన ధైర్యాన్ని తక్కువ చేసినట్టు కాదు. పేరు, పదవి కవచంలా కాపాడతాయన్న హామీ ఆనాడు ఎవరికీ లేదు. అదే సంవత్సరం అక్టోబరు 30న లాహోరులో, ఇదే సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో లాలా లజపతిరాయ్ గారిని పోలీసులు లాఠీలతో కొట్టారు. నవంబరు 17న ఆయన మరణించారు. ఆయనా కేంద్ర శాసనసభ సభ్యుడే, ఆయనా దేశమంతా ఎరిగిన నాయకుడే. కనుక ప్రకాశం గారు ఆ రోజు ప్రాణానికి తెగించే ముందుకు వెళ్ళారు, అందులో సందేహం లేదు.

కానీ ఒకటి గమనించండి. ఆ ఘట్టంలో తుపాకీ ఉన్నవాడు పరాయి ప్రభుత్వం మనిషి. అధికారం అంతా ఒక వైపు, ధైర్యం అంతా ఇంకో వైపు. అలాంటి చోట మంచిచెడులు తేల్చడం సులభం. స్వాతంత్ర్యం దగ్గరపడి అధికారం మనవాళ్ళ చేతికి, చివరికి ప్రకాశం గారి చేతికే వచ్చాక, ధైర్యం ఏ రూపంలో ఉండాలి? ఆ ప్రశ్నకు 1928లో జవాబు దొరకదు. దాన్ని 1947లోనూ 1954లోనూ వెతకాలి.

పదకొండు నెలలు, పదమూడు నెలలు

1946 ఎన్నికల తర్వాత మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని రాజాజీ నడపాలని గాంధీజీ కోరిక. కాంగ్రెసు శాసనసభ్యులు ఒప్పుకోలేదు. పార్టీలో పోటీ జరిగి ప్రకాశం గారు గెలిచారు. ఏప్రిల్ 30న ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికి ఆయన వయసు 73. గాంధీజీ అంతటివారి కోరికను పక్కన పెట్టి సభ్యులు తమ ఇష్టప్రకారం ఎన్నుకున్నారంటే, ఆ రోజుల్లో ఓటుకు ఉన్న విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడాది మార్చిలో ఆ సభ్యులే ఆయన మీద విశ్వాసం లేదన్నారు. ఆయన రాజీనామా చేశారు, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారు వచ్చారు.

ఆ పదకొండు నెలల్లో ఆయన ఏం చేశారో చూస్తే, ఎందుకు దించారో కొంత అర్థమవుతుంది. ఫిర్కా (కొన్ని ఊళ్ళ సముదాయం) అభివృద్ధి పథకం పెట్టారు. సరుకుల పంపిణీ సహకార సంఘాల చేతికి ఇవ్వాలని పూనుకున్నారు. ఖద్దరు, చేనేత బతకాలంటే కొత్త జౌళి మిల్లులు రాకూడదని పట్టుబట్టారు. ఈ చివరిది సరైన నిర్ణయమని నేను అనుకోను. యుద్ధం ముగిసిన కొత్తలో బట్టకు ఎంత కటకటగా ఉండేదో మా పెద్దవాళ్ళు కథలుగా చెప్పేవారు. రేషను బట్ట కోసం వరసలో నిలబడ్డ ఇంటికి, మిల్లు వద్దన్న నాయకుడి ఆదర్శం అంత రుచించదు. అయినా తాను నమ్మినదాన్ని దాపరికం లేకుండా అమలు చేశారు. మిల్లుల యజమానులకూ వ్యాపారులకూ కోపం వస్తుందని తెలిసే చేశారు. వచ్చింది. పార్టీలో ముఠాలు దానికి తోడయ్యాయి.

రెండోసారి 1953 అక్టోబరు 1న. కర్నూలులో నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు, ప్రకాశం గారు తొలి ముఖ్యమంత్రి. వయసు 81. పొట్టి శ్రీరాములు గారి ప్రాణం ఖరీదుగా వచ్చిన రాష్ట్రం. ఆయన ప్రాణం విడిచిన ఇల్లు ఇక్కడే, మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో ఉంది; ఇప్పటికీ మనవాళ్ళు వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు. మద్రాసు నగరం మనకు దక్కలేదన్న బాధ ఒక పక్క, గుడారాల్లో మొదలైన రాజధాని ఒక పక్క. ఆ పదమూడు నెలల్లోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. విజయవాడ దగ్గర కృష్ణ మీద, తర్వాత ఆయన పేరే పెట్టిన బ్యారేజీ పని మొదలైంది.

1954 నవంబరులో మద్యనిషేధం మీద గొడవ ముదిరింది. నిషేధం వల్ల కల్లుగీత మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి, దొంగసారా పెరిగింది. నిషేధం ఎత్తివేయాలన్న కమిటీ సిఫారసును ప్రభుత్వం ఆమోదించలేదు. ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం పెట్టాయి. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటు ఎటు నుంచి ఎటు వెళ్ళింది, ఎవరు మాట తప్పారు అనే చర్చ మన పెద్దవాళ్ళు చాలాకాలం చేశారు. నాకు ఆసక్తి దాని మీద లేదు. ఆంధ్రకేసరి అని ముప్పై ఏళ్ళకు దగ్గరగా జనం జేజేలు కొట్టిన మనిషిని, రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిని, 82 ఏళ్ళ వృద్ధుణ్ణి, ఒక్క ఓటు ఇంటికి పంపింది. ఆయన వెళ్ళారు. కర్నూలు వీధుల్లో ఎవరూ తుపాకీ తీయలేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి, బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఇంత పెద్ద సంగతి ఇంత మామూలుగా జరిగిపోయిందే, దాన్ని మించిన గర్వకారణం నాకు మన చరిత్రలో ఎక్కువ కనపడదు.

ఓడిపోవడంలో ధైర్యం ఏముంది?

ఈ మాట నా స్నేహితుడితో అంటే ఆయన వెంటనే అడ్డుపడ్డారు. “లెక్క తప్పితే ఎవరైనా దిగాల్సిందే కదండీ. దిగకపోతే గవర్నరు దించుతాడు. అందులో గొప్పేముంది? దాన్ని తుపాకీతో పోల్చడం మరీ అన్యాయం” అన్నారు.

ఆ అభ్యంతరంలో బలం ఉంది. ఓడినవాడు దిగడం నియమం. నియమాన్ని పాటించిన ప్రతివాడినీ వీరుడంటే వీరత్వానికి అర్థం ఉండదు. పైగా ప్రకాశం గారు రెండుసార్లూ నవ్వుతూ దిగారనీ చెప్పలేం. 1947 తర్వాత తన స్థానంలో వచ్చిన ప్రభుత్వం మీద ఆరోపణలు చేస్తూ పోయారు. చివరికి 1951లో, జీవితమంతా గడిపిన కాంగ్రెసునే వదిలి బయటికి వచ్చారు. ఆయన మొండితనం గురించి ఆయన అభిమానులే ఎన్నో కథలు చెబుతారు.

అయినా నేను నా మాట మీదే ఉంటాను. నేను ధైర్యం అంటున్నది దిగిన క్షణాన్ని కాదు. దించగల మనుషుల ముందు రోజూ కూర్చుంటూ, వాళ్ళకు నచ్చని నిర్ణయాలు తీసుకోవడాన్ని. మిల్లుల విషయంలో నిర్ణయం తప్పయినా, మద్యనిషేధం విషయంలో ప్రతిపక్షం వాదనే బలంగా ఉన్నా, ఆయన తన మాటను సభ ముందు పెట్టి, సభ తీర్పుకు వదిలారు. ఒక్కసారి రొమ్ము చూపడానికి క్షణం పట్టే తెగింపు చాలు. పదవి పోతుందని తెలిసి కూడా ప్రతి ఉదయం సభకు వెళ్ళి, ప్రశ్నలకు లేచి నిలబడి జవాబు చెప్పడానికి వేరే రకం నిబ్బరం కావాలి. అది ఫొటోకు అందదు, విగ్రహంగా పోతపోయడానికి వీలు కాదు. అందుకే దాన్ని మనం గుర్తుపెట్టుకోలేదు.

మరొకటి. పదవి పోయాక ఆయన దగ్గర ఏం మిగిలింది? బారిస్టరుగా లక్షలు సంపాదించిన మనిషి. పత్రికకూ ఉద్యమానికీ అంతా ఖర్చయిపోయింది. 82 ఏళ్ళ వయసులో ఓడిపోయి, ఇక విశ్రాంతి అనకుండా ఊళ్ళు తిరిగారు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో ఎండలో పర్యటించి వడదెబ్బకు గురయ్యారు. మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. పదవిని వదలలేని నాయకుల్లో చాలామందికి అసలు భయం పదవి పోతుందని కాదు, పోయాక లెక్కలు బయటపడతాయని. ఆ భయం లేనివాడికి దిగడం సులభం. ఆ సులభత్వం ఊరికే రాదు, జీవితమంతా పెట్టి సంపాదించుకోవాలి.

ఆర్డినెన్సు సంగతి

ఇక్కడ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. జయంతి సభల్లో ఎవరూ ఎత్తని విషయం కూడా ఇదే.

1947 జనవరిలో ప్రకాశం గారి ప్రభుత్వం శాంతిభద్రతల పేరుతో ఒక ఆర్డినెన్సు తెచ్చింది. దాని కింద రాష్ట్రమంతటా కమ్యూనిస్టులను అరెస్టు చేశారు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. పాతతరం కమ్యూనిస్టు కుటుంబాల్లో ఇప్పటికీ దాన్ని ప్రకాశం ఆర్డినెన్సు అనే అంటారు. వాళ్ళ దృష్టిలో ఆయన వేరే మనిషి.

విచారణ లేకుండా జైల్లో పెట్టడాన్ని జీవితమంతా ఎదిరించిన మనిషి, ఆ జైళ్ళలోనే ఏళ్ళు గడిపిన మనిషి, తన చేతికి అధికారం వచ్చిన ఏడాది లోపే అదే పని చేశారు. దీనికి సమర్థనలు చెబుతారు. అప్పటి సమ్మెలు, అప్పటి అలజడి, దేశ విభజన ముందు రోజుల భయం. ఆ సమర్థనలు విన్నాను, నాకు సరిపోలేదు. ఆ పని తప్పు.

కానీ ఈ తప్పు నా వాదనను బలహీనపరుస్తుందా, బలపరుస్తుందా? ముఖ్య అతిథి గారు కోరినట్టు సింహం ఒక్కటే, సభలు లేకుండా, పగ్గాలన్నీ చేతిలో పెట్టుకుని ఉంటే ఏమయ్యేది? ధైర్యవంతుడు తప్పు చేయడని ఎవరు చెప్పారు? తుపాకీకి బెదరని మనిషి కూడా కుర్చీలో కూర్చున్నాక ఎదుటివాడి గొంతు నొక్కగలడని ఆ ఆర్డినెన్సు చెబుతోంది. ప్రకాశం గారి లాంటి నిజాయితీపరుడి విషయంలోనే ఇది నిజమైతే, ఆయన కాలి గోటికి సరిపోని వాళ్ళ చేతికి అడ్డులేని అధికారం ఇమ్మని చప్పట్లు కొట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మూడు నెలలు తిరగకుండా ఆయనను దించడానికి ఒక మార్గం ఉంది. దించినవాళ్ళ ఉద్దేశాలు వేరే కావచ్చు, వాళ్ళేమీ కమ్యూనిస్టుల హక్కుల కోసం దించలేదు. మార్గం ఉండటం ముఖ్యం.

1952లో సరిగ్గా ఈ మార్గానికే దెబ్బ తగిలింది. మద్రాసు శాసనసభలో 375 స్థానాలుంటే కాంగ్రెసుకు వచ్చినవి 152. ప్రకాశం గారి నాయకత్వంలో ఏర్పడిన ఐక్య కూటమి తమకు 166 మంది ఉన్నారని గవర్నరుకు తెలిపింది. గవర్నరు శ్రీప్రకాశ గారు ఎన్నికల్లో నిలబడని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ఆయననే ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. రాజాజీ మేధావి, దక్షుడు, సభలో విశ్వాసం కూడా గెలిచారు. ఆయన పాలనలో రేషను ఎత్తివేయడం వంటి మంచి పనులూ జరిగాయి. కానీ వచ్చిన దారి నాకు మింగుడుపడదు. సమర్థుడైతే చాలు, ఎన్నికైనా కాకపోయినా ఫర్వాలేదన్న ఆలోచనకు అది మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి మనం ఇంకా ఉబలాటపడుతూనే ఉన్నాం.

భవన నిధి లెక్కలు

పెద్ద నాయకుల సంగతి వదిలేసి మన గడపల దగ్గరికి వద్దాం. ధైర్యం అంటే నాయకుడి సొత్తు అనుకునే అలవాటు ఎక్కడ మొదలవుతుందో అక్కడే కనపడుతుంది.

కొన్నేళ్ళ కిందట పెరంబూరు వైపు ఒక తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో ఉన్నాను. పేరు అనవసరం. అధ్యక్షుడు ఎన్నో ఏళ్ళుగా ఆయనే. మంచి వక్త, చేతికి ఎముక లేదని పేరు, పేద పిల్లల ఫీజులు కట్టేవారు. ఎన్నికలు పెట్టిన గుర్తు ఎవరికీ లేదు. వందన సమర్పణ మొదలవుతుండగా రిటైరయిన ఒక టీచరుగారు లేచారు. “అయ్యా, భవన నిధి లెక్కలు ఎప్పుడు చదువుతారు? ఆడిట్ చేసిన కాగితం చూపిస్తే బాగుంటుంది” అన్నారు. గొంతు వణుకుతోంది. అధ్యక్షుడు కోప్పడలేదు. చాలా ప్రేమగా, “అమ్మా, మీరు నా మీద నమ్మకం లేక అడుగుతున్నారా?” అన్నారు.

అంతే. హాలు మొత్తం ఆవిడ వైపు తిరిగింది. “కూర్చోండి టీచరుగారూ, ఆయన చేసిన మేలు మరిచిపోయారా?” అని ఒకరు, “ఇంటి గుట్టు వీధిలో పెడతారా?” అని ఒకరు. లెక్కల సంగతి పోయి, కృతజ్ఞత సంగతి వచ్చింది. ఆవిడ మాత్రం కూర్చోలేదు. “నమ్మకం ఉందండీ. లెక్క కూడా కావాలి” అన్నారు. ఆ మాటకు నేనూ ఇంకో ఇద్దరూ లేచాం. ఆ రోజు లెక్కలు చదవలేదు. తర్వాత చాలా నెలలకు ఒక కాగితం నోటీసు బోర్డు మీద అంటించారు. డబ్బు ఎక్కడికీ పోలేదు, చిల్లర తేడాలు తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

లెక్కలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి అడగడం వృథా అయిందని చాలామంది ఆవిడను ఇప్పటికీ దెప్పుతారు. నేను తలకిందులుగా చూస్తాను. మంచివాడిని లెక్క అడగడమే కష్టం. చెడ్డవాడిని నిలదీస్తే నలుగురూ వెంట వస్తారు, తెల్లదొరను ఎదిరిస్తే ఊరంతా హారతి పడుతుంది. మనవాణ్ణి, మంచివాణ్ణి, రేపు మన ఇంట్లో శుభకార్యానికి అక్షతలు వేయబోయేవాణ్ణి లేచి నిలబడి అడగాలంటే ఒంటరితనానికి సిద్ధపడాలి. అధ్యక్షుడు సభ్యుల ముందు ఏటా నిలబడి లెక్క చెప్పడం ఆయన గౌరవానికి భంగమని మనం అనుకున్నంతకాలం, పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు కూడా పత్రికలవాళ్ళ ముందుకు రాకపోవడం, సభలో ప్రశ్నలకు జవాబు చెప్పకపోవడం మనకు తప్పుగా తోచదు. “ఆయనను అడగడమా?” అనే ఆశ్చర్యం సంఘంలోనూ అదే, దేశంలోనూ అదే.

వ్యతిరేకంగా చేయెత్తినవాళ్ళు

ఆఫీసు రోజుల్లో నేను రోజూ బ్రాడ్వేలో దిగి నడిచేవాణ్ణి. ఆ వీధికి ప్రకాశం సాలై అని పేరు పెట్టారు. 1928 ఘటన జరిగిన చోటికి అది దగ్గరే. అక్కడ నడుస్తున్నప్పుడల్లా ఆ రోజే గుర్తొచ్చేది, అది సహజం. కర్నూలు సభ గుర్తొచ్చేది కాదు. అది గుర్తు రావాలంటే ఎవరో చెప్పాలి, పిల్లలకు నేర్పే ప్రసంగాల్లో రాయాలి. తమిళ లిపిలో రాసుకున్న ఆ అమ్మాయి కాగితంలో 1928 తర్వాత ఒక్క వాక్యమే ఉంది: ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఎలా దిగారో లేదు.

ఇందులో నేను ఇంకా తేల్చుకోలేని ప్రశ్న ఒకటుంది. 1954 నవంబరులో ప్రకాశం గారి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యులను మనం ఎలా చూడాలి? మా ఇంట్లో పెద్దవాళ్ళు వాళ్ళను ద్రోహులనేవారు. ముసలాయనను, అంతటి త్యాగమూర్తిని పడగొట్టారని. వాళ్ళలో కొందరికి రాజకీయ లెక్కలు ఉండే ఉంటాయి, కొందరికి పాత కక్షలు ఉండే ఉంటాయి. కానీ తమ నియోజకవర్గంలో గీత పని పోయి పస్తులున్న కుటుంబాల ముఖం చూసి ఓటు వేసినవాళ్ళు కూడా ఉంటారు కదా. ఆయన పేరు వింటూ పెరిగి, ఆయన జైలుకు వెళ్ళారని విని తామూ జైలుకు వెళ్ళి, ఆ సభలో ఆయన ఎదురుగా కూర్చుని, ఈ విషయంలో మీరు చేస్తున్నది తప్పని ఓటు వేసి చెప్పినవాళ్ళు. ఆంధ్రకేసరికి ఎదురు నిలవడం సిపాయికి ఎదురు నిలవడం కంటే సులభమని నేను అనుకోను. సిపాయిని ఎదిరిస్తే బిరుదు వస్తుంది. వీళ్ళకు మా ఇంట్లో వచ్చింది తిట్టు. వచ్చే జయంతికి ఆ వైపు ఓటు వేసినవాళ్ళ వాదన కూడా ఎవరైనా ఒక పది నిమిషాలు చదివితే వినాలని ఉంది. నిర్వాహకులను అడిగాను, ఆలోచిస్తామన్నారు.